దిద్దే చెయ్యి ఎవరిది: కృష్ణా డెల్టాలో చిన్న సంస్థల వెబ్‌సైట్ల చరిత్ర

చిన్న దుకాణానికైనా, ఊరి గ్రంథాలయ సంఘానికైనా వెబ్‌సైటు విషయంలో రెండు పనులు ఉంటాయి. మొదటిది దాన్ని తయారుచేయడం. అది ఒక్కసారి జరిగి, ప్రారంభోత్సవంతో ముగిసే పని. రెండోది ధర మారినప్పుడు ధరను, కార్యవర్గం మారినప్పుడు పేర్లను, సభ వాయిదా పడినప్పుడు తేదీని అందులో దిద్దుతూ ఉండడం. అది సంస్థ బతికి ఉన్నంతకాలం సాగే పని. మొదటి పనికి ఫొటోలు, పత్రికా ప్రకటనలు ఉంటాయి కాబట్టి అది నలుగురికీ గుర్తుంటుంది. రెండో పనికి సాక్ష్యాలు తక్కువ, పేరు అంతకంటే తక్కువ. అయినా విజయవాడలోనూ దాని చుట్టూ ఉన్న కృష్ణా డెల్టాలోనూ ఈ రంగం మూడు దశాబ్దాలుగా నడిచిన తీరును పరిశీలిస్తే, అసలు కథ ఆ రెండో పనిలోనే ఉందని తెలుస్తుంది. ఒక సంస్థ తన గురించి లోకానికి చెప్పుకున్న మాటను మార్చగల చెయ్యి ఎవరిది, ఆ చెయ్యి సంస్థకు ఎంత దగ్గరలో ఉంది అన్న ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు వచ్చింది. ఆ జవాబులు మారిన క్రమాన్నే ఈ వ్యాసం చెప్పదలచింది.

ఈ ప్రాంతంలో ఆ ప్రశ్న కంప్యూటర్ల కంటే చాలా పాతది. 1855లో విజయవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట పూర్తయ్యాక కాలువల వెంట వరి సాగు, దాని వెంట బియ్యం మిల్లులు, వర్తకం, వాటి ఆదాయంతో చదువు పెరిగి, ఇరవయ్యో శతాబ్దం మొదటికి ఇక్కడి పట్టణాలలో చందాలతో నడిచే సంఘాలు వరసగా ఏర్పడ్డాయి. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక మొదలైంది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో, అక్కడి రామమోహన గ్రంథాలయం చొరవతో, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దేశంలో ప్రాంతీయ స్థాయిలో పుట్టిన తొలి గ్రంథాలయ సంఘాలలో అది ఒకటి. 1935లో పాతూరి నాగభూషణం పూనికతో కాలువల మీద పడవలో పుస్తకాలు పల్లెలకు తిరిగాయి. ఈ సంఘాలన్నీ జీతం లేని మనుషులతో నడిచినవే, వాటికి నిత్యం అచ్చుపని ఉండేది: చందా రసీదులు, సభ్యుల జాబితాలు, వార్షిక నివేదికలు, వార్షికోత్సవ ఆహ్వానాలు, కరపత్రాలు. స్వాతంత్ర్యం తర్వాత 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి దినపత్రికలు విజయవాడ నుంచి వెలువడడంతోనూ, ఏలూరు రోడ్డు పుస్తక ప్రచురణకు కేంద్రం కావడంతోనూ ఊరు నిండా ముద్రణాలయాలు వెలిశాయి. పెద్ద ప్రెస్సుల నీడలో బిల్లు పుస్తకాలు, శుభలేఖలు, విజిటింగు కార్డులు వేసే చిన్న ప్రెస్సులూ బతికాయి. వ్యాపారికి ‘జాబ్ వర్కు’ చేసిపెట్టే ఈ చిన్న ప్రెస్సే వెబ్‌సైటు తయారీ వృత్తికి నిజమైన పూర్వరూపం.

సీసపు అక్షరాల ప్రెస్సు పనితీరును దగ్గరగా చూస్తే ఆ మాటలోని నిజం తెలుస్తుంది. కంపోజిటరు అక్షరాల గళ్లపెట్టె ముందు నిలబడి, ఎడమచేతిలోని స్టిక్కులో ఒక్కొక్క అక్షరాన్నీ తలకిందులుగా పేర్చి పంక్తి కట్టేవాడు; పంక్తులు చేరి పేజీ అయ్యాక దాన్ని దారంతో బిగించి, ఇనుప చట్రంలో అమర్చి, ట్రెడిల్ యంత్రం మీద అచ్చు తీసేవారు. పని అయ్యాక అక్షరాలను విడదీసి తిరిగి గళ్లలో వేయడం రివాజు. కానీ మళ్లీ మళ్లీ వచ్చే పని విషయంలో, అంటే ధరల పట్టిక, రసీదు, ఏటా ఒకే తీరులో ఉండే ఆహ్వానపత్రం లాంటివాటి విషయంలో, కట్టిన పేజీని విడదీయకుండా దారంతో అలాగే పక్కన పెట్టి ఉంచి, మరుసటి సారి తేదీని, ధరను, మారిన పేరును మాత్రం తీసి కొత్త అక్షరాలు పెట్టి అచ్చువేయడం లెటర్‌ప్రెస్సు పనివారందరికీ తెలిసిన పద్ధతి. మారని భాగాన్ని ఒకచోట నిలిపి ఉంచి, మారే భాగాన్ని మాత్రం తేలికగా మార్చడం అన్న ఆలోచన, అంటే ఈనాటి వెబ్‌సైట్ల సాఫ్ట్‌వేరుకు పునాది అయిన ఆలోచన, ఆ దారం కట్టిన సీసపు పేజీలోనే ఉంది. సంఘ కార్యదర్శి నడిచి వెళ్లగలిగే దూరంలో ప్రెస్సు ఉండేది, ప్రూఫు ఆయన చేతికి వచ్చేది, తప్పు కనిపిస్తే పక్కన నిలబడి దిద్దించేవాడు. దిద్దే చెయ్యి వేరొకరిదే అయినా అది కళ్లెదుట ఉండేది.

1990లలో డీటీపీ, అంటే కంప్యూటరు తెరమీదనే పేజీని కూర్చే పద్ధతి, ఈ ఏర్పాటును వేగంగా మార్చింది. 1985లో విడుదలైన పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు, దానికి తోడుగా అను, శ్రీలిపి వంటి తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు గవర్నర్‌పేట, గాంధీనగర్ లాంటి చోట్ల గది అద్దెకు తీసుకుని ఒకటి రెండు కంప్యూటర్లతో నడిపే డీటీపీ సెంటర్లకు ఆధారమయ్యాయి. సీసపు అక్షరాల కంపోజిటర్లలో కొందరు ఆపరేటర్లుగా మారగలిగారు, చాలామంది మారలేకపోయారు. అచ్చు అందం పెరిగింది, ఖర్చు తగ్గింది, కానీ ఈ ఫాంట్ల లోపలి నిర్మాణంలో తరువాతి పదిహేనేళ్లను ఇబ్బంది పెట్టిన ఒక చిక్కు ఉంది. అప్పటి ఫాంటులో ఉండే 256 స్థానాలు ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఉద్దేశించినవి. తెలుగు ఫాంటు తయారీదారు ఆ స్థానాలలో ఇంగ్లీషు అక్షరాల బొమ్మలను తీసివేసి తలకట్టును, గుడిని, కొమ్మును, వత్తులను, అక్షరాల ముక్కలను పెట్టేవాడు. ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలన్నది ఒక్కో సంస్థ ఒక్కో రకంగా నిర్ణయించుకుంది. అందువల్ల ఒక ఫాంటులో కూర్చిన తెలుగు మరో ఫాంటులో చదవడానికి వచ్చేది కాదు, ఫాంటే లేని కంప్యూటరులో రోమన్ అక్షరాల, గుర్తుల కలగాపులగంగా కనిపించేది. కాగితం మీద అచ్చు వేసేంతవరకూ ఇది ఎవరినీ బాధించలేదు, ఎందుకంటే పాఠకుడికి చేరేది కాగితమే తప్ప ఫైలు కాదు.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశంలోని మహానగరాలలో ఇంటర్నెట్టును ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. 1998 చివరలో ప్రైవేటు సంస్థలకు కూడా అనుమతి దొరికాక అది చిన్న నగరాలకూ విస్తరించింది. విజయవాడ విషయంలో అదే ఏడాది మరో ముఖ్యమైన ప్రయోగం మొదలైంది. 1998 జూన్‌లో నగరపాలక సంస్థ ‘విజయవాడ ఆన్‌లైన్ ఇన్ఫర్మేషన్ సెంటర్’ను, పొట్టిపేరుతో ‘వాయిస్’ను ప్రారంభించింది. జనన మరణ ధ్రువపత్రాలు, ఇళ్ల ప్లాన్ల అనుమతులు, ఆస్తి, నీటి, మురుగు పన్నుల వసూలు వంటి పనుల వివరాలను నగరంలో ఐదుచోట్ల పెట్టిన కియోస్కుల నుంచి పౌరులు పొందే వీలు కల్పించడం దాని ఉద్దేశం. కియోస్కు అంటే కంప్యూటరు ఉన్న చిన్న సేవా కేంద్రం. ఈ కియోస్కులను కార్యాలయాలలోని దత్తాంశ నిలయంతో, అంటే సమాచారాన్ని పట్టికలుగా భద్రపరిచే వ్యవస్థతో, విస్తృత నెట్‌వర్కు ద్వారా కలిపారు. చిన్న వ్యాపారులతో దీనికి నేరుగా సంబంధం లేకపోయినా ఈ చరిత్రలో దీనికి చోటు ఉండాలి: ఆఫీసులో గుమాస్తా తన రోజువారీ పనిలో భాగంగా ఒక వివరాన్ని నమోదు చేస్తే, వేరే ఎవరూ మళ్లీ టైపు చేయనవసరం లేకుండా అది పౌరుడి ముందున్న తెరమీద కనిపించడం అన్న సూత్రాన్ని ఈ నగరం అంత ముందుగానే చూసింది. సమాచారం పుట్టినచోటనే దిద్దుబాటు జరగాలన్న ఆ సూత్రం ఊళ్లోని దుకాణానికీ సంఘానికీ చేరడానికి మాత్రం మరో పదేళ్లు పట్టింది.

ఆ మధ్యకాలంలో చిన్న సంస్థలకు దొరికినవి ‘స్టాటిక్’ పేజీలు, అంటే విషయమూ అలంకారమూ ఒకే ఫైలులో కలిసిపోయి ఉండే స్థిరమైన పుటలు. హెచ్‌టీఎంఎల్ అనే సంకేతభాషలో వాటిని రాయడం, ఎఫ్‌టీపీ అనే పద్ధతిలో ఎక్కడో అద్దెకు తీసుకున్న సర్వరుకు ఎక్కించడం డిజైనరు పని. సర్వరు అంటే వెబ్‌సైటు నివసించే, ఎప్పుడూ మేలుకుని ఉండే కంప్యూటరు. వ్యాపారి కాగితం మీద రాసిచ్చిన పరిచయ వాక్యాలు, దుకాణం ఫొటో, చిరునామా, ఫోన్ నంబరు అందులో చేరేవి. తెలుగులో కావాలంటే డీటీపీలో కూర్చిన పేరాను బొమ్మగా మార్చి పేజీలో అతికించేవారు. ఆ బొమ్మలో ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ డీటీపీ దగ్గరికి, అక్కడినుంచి డిజైనరు దగ్గరికి, అక్కడినుంచి సర్వరుకు వెళ్లాలి. పెద్ద దినపత్రికలు తమ సొంత ఫాంటు పేజీతోపాటే పాఠకుడి కంప్యూటరులోకి దిగేలా ఏర్పాటు చేసుకోగలిగాయి గానీ, ఊరి రైతు సంఘానికో కిరాణా వర్తకుల సంఘానికో ఆ స్తోమత లేదు. అందుకే ఆ కాలపు చిన్న వెబ్‌సైట్లలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉండిపోయాయి. సీసపు అక్షరాల కాలంలో తెలుగులో నిర్భయంగా మాట్లాడిన సంఘాలు వెబ్‌లోకి అడుగుపెట్టేటప్పటికి తమ భాషనూ, తమ మాటను తామే దిద్దుకునే వీలునూ ఒకేసారి పోగొట్టుకోవడం ఈ చరిత్రలోకెల్లా విచారించదగిన ఘట్టం. దీన్ని సాంకేతిక ప్రగతిలో ఒక మెట్టుగా మాత్రమే రాసి వదిలేయడం న్యాయం కాదు.

దిద్దుబాటు కష్టమైతే ఏమవుతుందో చూపడానికి ఆ రోజుల నాటి ఒక చిన్న మార్పు చాలు. ల్యాండ్‌లైను నంబర్లకు ముందు 2 అనే అంకె చేర్చినప్పుడు 0866 కోడు కింద ఉన్న ఆరంకెల నంబర్లు ఏడంకెలయ్యాయి. దుకాణదారు తన బోర్డు మీద ఆ అంకెను పెయింటరు చేత ఒక పూటలో రాయించుకోగలడు, పాత లెటర్‌హెడ్ల మీద రబ్బరు స్టాంపు వేసుకోగలడు. వెబ్‌పేజీలో అదే అంకె చేర్చడానికి మాత్రం ఏడాది కిందట డబ్బు తీసుకుని పేజీ చేసి హైదరాబాదుకో బెంగళూరుకో ఉద్యోగానికి వెళ్లిపోయిన కుర్రవాడిని వెతకాలి. డొమైను, అంటే వెబ్‌సైటు పేరు, చాలా సందర్భాలలో ఆ డిజైనరు పేరుమీదే నమోదై ఉండేది. ఏటా కట్టవలసిన రుసుము ఎవరూ కట్టక గడువు తీరిపోతే సైటు మొత్తం మాయమయ్యేది. వ్యాపారి దాన్ని పోయిన ఖర్చు కింద రాసుకునేవాడు. స్వచ్ఛంద సంఘమైతే దాతలకు లెక్క చెప్పుకోవలసి వచ్చేది.

ఇదే కాలంలో సముద్రాలవతల మరో ధార నడిచింది. 1977లో ఏర్పడిన ఉత్తర అమెరికా తెలుగు సంఘంలో మొదటినుంచీ కృష్ణా, గుంటూరు జిల్లాల వారి పాత్ర పెద్దది. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి, తెలుగు మాటను మామూలు ఇంగ్లీషు కీబోర్డు మీద ఒక నిర్ణీత క్రమంలో రాసి తిరిగి తెలుగు లిపిలోకి మార్చుకునే వీలు కల్పించింది. ఫాంటుకు కట్టుబడకుండా తెలుగును దాచుకోవడానికి, మార్చుకోవడానికి దొరికిన తొలి ఉపాయాలలో అది ఒకటి. 1998లో అమెరికా నుంచి ఈమాట అనే తెలుగు సాహిత్య పత్రిక వెబ్‌లోనే మొదలైంది. డెల్టా పల్లెల నుంచి వెళ్లిన ఇంజనీర్లు తమ ఊరి పేరుతో వెబ్‌సైట్లు పెట్టి, గుడి, బడి, చెరువు ఫొటోలు, ఊరి అభివృద్ధికి చందాల వివరాలు ఉంచడం కూడా ఈ కాలంలోనే సాగింది. వాటి వెనుక ఉన్న ప్రేమను శంకించడానికి లేదు. అయితే ఊరు ఇక్కడ, తాళంచెవి అక్కడ. ఊళ్లో ఏం జరిగిందో తెలిసినవారికి పేజీ మార్చే దారి తెలియదు, దారి తెలిసినవారికి ఊళ్లో సంగతులు ఆలస్యంగా తెలిసేవి.

భాష, దిద్దుబాటు అనే ఈ రెండు చిక్కులలో మొదటిది యూనికోడ్‌తో విడింది. ప్రపంచంలోని లిపులన్నిటిలో ప్రతి అక్షరానికీ ఎక్కడైనా మారని ఒక సంఖ్యను కేటాయించే ప్రమాణమే యూనికోడ్; 1991లో వెలువడిన దాని మొదటి రూపంలోనే తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు దక్కాయి. దీని పనితీరును ‘కృష్ణా’ అన్న మాటలోనే చూడవచ్చు. డీటీపీ ఫాంటులో ఈ మాట తలకట్లు, వత్తులు, కొమ్ముల ముక్కల అతుకు. యూనికోడ్‌లో అది క, ఋత్వం, ష, పొల్లు, ణ, దీర్ఘం అనే ఆరింటి వరస, అంటే 3093, 3139, 3127, 3149, 3107, 3134 అనే ఆరు సంఖ్యలు. షకు ణ వత్తు ఎలా కనబడాలో తెరమీద గీసే బాధ్యత ఫాంటుది. కంప్యూటరు దాచుకునేది సంఖ్యలనే. అందువల్ల ఫాంటు మారినా మాట చెడదు, వెతికితే దొరుకుతుంది, ఒక్క అక్షరం తీసి మరొకటి పెడితే మిగిలినది కదలదు. ప్రమాణం పుట్టిన పదేళ్లకు, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు కనబడడం మొదలైంది, అదీ క్లిష్టలిపుల మద్దతును విడిగా సీడీ నుంచి ఎక్కించుకున్నవారికి. ఆ అరకొర ఏర్పాటును సామాన్యుడి చేతికి అందించినవారు ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు; వెన్న నాగార్జున తయారుచేసిన పద్మ అనే పనిముట్టు ఆర్‌టీఎస్‌లో రాసినదాన్నీ, తరువాత దినపత్రికల సొంత ఫాంట్లలో ఉన్నదాన్నీ యూనికోడ్‌లోకి మార్చింది; 2006లో వీవెన్ రూపొందించిన లేఖిని, ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోకుండా ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని కూడా తెలుగు టైపు చేసే వీలిచ్చింది.

రెండో చిక్కు, అంటే పేజీ తాళంచెవి డిజైనరు దగ్గర ఉండిపోవడం, వికీతోనూ విషయ నిర్వహణ వ్యవస్థలతోనూ విడింది. 1995లో అమెరికాలో వార్డ్ కనింగ్‌హామ్ మొదలుపెట్టిన వికీ, చదివేవారే మార్చగలిగే వెబ్‌సైటు. ప్రతి పేజీ మీదా ఒక మీట ఉంటుంది, నొక్కితే పేజీలోని పాఠం దిద్దడానికి తెరుచుకుంటుంది, భద్రపరచిన మరుక్షణం లోకానికి కనబడుతుంది, పాత రూపం చెరిగిపోకుండా చరిత్రలో నిలిచి ఉంటుంది. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా మొదలైంది. కొద్ది సంవత్సరాలలోనే కార్యకర్తలు రాష్ట్రంలోని మండలాలకు, గ్రామాలకు పేజీలు సృష్టించడంతో, కృష్ణా డెల్టాలో ఎన్నడూ ఏ వెబ్‌సైటూ లేని పల్లెకు కూడా, ఆ ఊరివారే దిద్దగలిగిన ఒక పుట దొరికింది. తెలుగులో విజ్ఞాన సర్వస్వం అన్న తలంపుకు ఈ నేలతో పాత అనుబంధం ఉంది: 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, తరువాత ఆంధ్రవిజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు పుట్టింది కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో. తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరిలో విజయవాడలోనే జరిగాయి, కృషి చేసిన కార్యకర్తలకు కొమర్రాజు పేరుమీద పురస్కారాలు ఇచ్చారు. నగరంలోని ఆంధ్ర లొయోలా కళాశాల విద్యార్థులు కూడా ఆ తరువాత వికీ రచనలో పాలుపంచుకున్నారు. గ్రంథాలయ సంఘాలు జీతం లేని కార్యదర్శులతో నడిచినట్టే ఇదీ నడిచిందన్నది పైపై పోలిక కాదు. రెండింటిలోనూ పనిచేసేవారికి దొరికిన ప్రతిఫలం, తమ మాట తమ భాషలో పదిమందికి చేరడమే.

వికీ అందరిదీ, దుకాణానికీ సంఘానికీ తమ పేరున తమ సొంత పుట కావాలి. ఆ అవసరాన్ని తీర్చినవి విషయ నిర్వహణ వ్యవస్థలు: 2001 నాటి డ్రూపల్, 2003 మే 27న విడుదలైన వర్డ్‌ప్రెస్, 2005 నాటి జూమ్లా. వీటిలో విషయం దత్తాంశ నిలయంలో ఒకచోట, దాన్ని చూపించే అచ్చు, అంటే టెంప్లేటు, మరొకచోట ఉంటాయి. పాఠకుడు పేజీ అడిగినప్పుడు రెండూ కలిసి తెరమీదికి వస్తాయి. కాబట్టి కార్యదర్శి తన పేరుతో, రహస్యపదంతో లోపలికి వెళ్లి, దరఖాస్తు ఫారం నింపినట్టు శీర్షిక, వివరం, ఫొటో ఇచ్చి ‘ప్రచురించు’ అంటే చాలు. రంగులు, వరసలు చెదరవు. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ స్వేచ్ఛగా వాడుకోవడానికి, మార్చుకోవడానికి అనుమతించినవి కావడం, వాటి తెరమీది మాటలను స్వచ్ఛంద అనువాదకులు తెలుగులోకి తేవడం, 2005లో మొదలైన స్వేచ్ఛ వంటి సంస్థలు ఇంజనీరింగు కళాశాలలలో ఈ ఆలోచనను వ్యాపింపజేయడం, ఈ మూడూ కలిసి ఖర్చును డొమైను రుసుము, సర్వరు అద్దెల స్థాయికి దించాయి. డిజైనరు వృత్తి నశించలేదు. దాని స్వభావం మారింది. పేజీ రాసిపెట్టడం స్థానంలో టెంప్లేటు అమర్చి, సంఘంలో ఇద్దరు ముగ్గురికి వాడకం నేర్పి, ఏడాదికోసారి భద్రత చూసిపెట్టడం అతని పనిగా మారింది. నేర్పకుండా వెళ్లిపోయిన చోట్ల మాత్రం కొత్త సాఫ్ట్‌వేరు మీద పాత రోగమే తిరగబెట్టింది.

డెల్టాలోని చేతివృత్తుల విషయంలో ఈ మార్పు విలువ బాగా కనిపిస్తుంది. కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలకు దసరా, సంక్రాంతి కొలువుల ముందు గిరాకీ పెరుగుతుంది. పెడనలో టేకు అచ్చులతో అద్దే కలంకారీ గుడ్డలో ప్రతి విడతకూ నమూనాలు మారతాయి. మచిలీపట్నం పక్కన చిలకలపూడి రోల్డుగోల్డు నగల డిజైన్లకు అంతే లేదు. ఇలాంటి సరుకుకు ఒకసారి తీసి పెట్టిన పది ఫొటోల స్థిరమైన పుట దాదాపు నిరుపయోగం. అమ్ముడుపోయిన బొమ్మ తెరమీద ఉండి, కొత్తది గూట్లో ఉంటే దూరపు కొనుగోలుదారుకు నమ్మకం పోతుంది. పనివాడే, లేదా చదువుకున్న అతని పిల్లలే, ఉదయం పూర్తయిన వస్తువు ఫొటోను సాయంత్రానికి ఎక్కించగలిగినప్పుడే వెబ్‌సైటు మధ్యవర్తికి ప్రత్యామ్నాయం కాగలుగుతుంది.

సరిగ్గా ఆ అవకాశం చేతికందిన సమయంలోనే పెద్ద వేదికల ఉచిత సేవలు వచ్చి దారి మళ్లించాయి. 2011 నవంబరులో గూగుల్ సంస్థ మన దేశంలో చిన్న వ్యాపారాలకు ఉచిత వెబ్‌సైట్ల పథకాన్ని ప్రారంభించింది. 2017 జనవరిలో, ఫోను నుంచే నిమిషాలలో తయారుచేసుకోగలిగే మరో ఉచిత సైటు సదుపాయాన్ని భారతీయ భాషలలో కూడా ప్రకటించింది. దిద్దుబాటు ఇంత తేలిక ఎన్నడూ కాలేదు: మ్యాపులో దుకాణం వేళలు మార్చితే సైటులోనూ మారేవి. కానీ 2024 మార్చిలో ఆ సైట్లన్నిటినీ సంస్థ మూసివేసింది. అంతకుముందు 1994 నాటి జియోసిటీస్ 2009లోనూ, యాహూ గుంపులు 2020లోనూ ఇలాగే మూతపడి, స్వచ్ఛంద బృందాలు ఏళ్ల తరబడి పోగుచేసుకున్న రాతలకు ప్రమాదం తెచ్చాయి. ఈ సేవలను వాడినవారిని తప్పుపట్టలేం, ఎందుకంటే పైసా ఖర్చు లేని దారి ఎదురుగా ఉండగా సర్వరు అద్దె కట్టమనడం చిన్న వ్యాపారికి సబబుగా తోచదు. అయినా దిద్దే హక్కు చేతిలో ఉండి, ఉంచే హక్కు లేకపోతే మొదటిదానికీ భరోసా ఉండదన్నది ఈ మూసివేతలు చూపించాయి. 1990ల డిజైనరు గడువు తీరనిచ్చిన డొమైనుకూ వీటికీ ఫలితంలో తేడా లేదు.

2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్, 2019 నవంబరులో దానిలోని క్యాటలాగు సదుపాయం వచ్చాక చాలామంది వర్తకులకు వెబ్‌సైటు అవసరమే తీరిపోయినట్టు కనిపించింది. రోజువారీ అమ్మకానికి అది అనుకూలమే. కానీ 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగి, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చిన రోజులు దాని పరిమితిని చూపేవే. సహాయక బృందం తన నంబర్లను, భోజనం పంచే చోట్లను బొమ్మగా చేసి పంపితే, ఆ బొమ్మ ఫోన్ల నుంచి ఫోన్లకు వెళ్లిపోయాక దాన్ని ఎవరూ దిద్దలేరు. చోటు మారినా, నంబరు పనిచేయకపోయినా పాత బొమ్మ తిరుగుతూనే ఉంటుంది. ఒకే చిరునామాలో ఉండి, కార్యకర్త గంటగంటకూ మార్చగలిగే పుట లింకును పంపితే, ఎప్పుడు తెరిచినా తాజా సమాచారమే కనబడుతుంది. డీటీపీ కాలంలో తెలుగు పేరాను బొమ్మగా అతికించిన పద్ధతికీ దీనికీ లోపం ఒకటే. యూనికోడ్ వచ్చి రెండు దశాబ్దాలు దాటాక కూడా తెలుగు సమాచారం బొమ్మలలోనే ఎక్కువగా తిరగడం ఆలోచించవలసిన విషయం.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే, జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ఒకే నమూనా సాఫ్ట్‌వేరు మీద జిల్లాల వెబ్‌సైట్లు నడుస్తున్నాయి. కలెక్టరేటు సిబ్బందే నోటిఫికేషన్లు, టెండర్లు, అధికారుల పేర్లు మార్చుకోగలుగుతున్నారు, తెలుగు రూపమూ ఉంది. 2025 జనవరి 30న ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ ద్వారా 161 సేవలతో ప్రారంభమైంది. వాయిస్ కియోస్కు దగ్గరికి నడిచి వెళ్లిన పౌరుడికి ఇప్పుడు నడక తప్పింది. సంఘాలకూ చిన్న వ్యాపారులకూ ఇలాంటి ఉమ్మడి సాఫ్ట్‌వేరు, తెలుగులో, వారి సొంత పేరుమీద ఉండేలా, తేలికగా వేరేచోటికి మార్చుకోగలిగేలా అందించడం ప్రభుత్వానికి సాధ్యమయ్యే పనే. పౌర గ్రంథాలయాలను ప్రభుత్వం చేపట్టినట్టే దీన్నీ చేపట్టడానికి ఈ ప్రాంత చరిత్రలో తగినంత ఆధారం ఉంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది, మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా మిగిలింది, నూజివీడు, కైకలూరు ప్రాంతాలు ఏలూరు జిల్లాలో చేరాయి. ఒక్క రోజులో డెల్టాలోని లెక్కలేనన్ని చిరునామాలు పాతబడ్డాయి. బోర్డులు, బిల్లు పుస్తకాలు, వెబ్‌పేజీలు ఎవరి వీలును బట్టి వారు మార్చుకున్నారు, మార్చలేనివి ‘కృష్ణా జిల్లా, విజయవాడ’గానే ఉండిపోయాయి. దిద్దిన స్థిరపుటలో పాత రూపం మిగలదు కాబట్టి, అది ఎప్పుడు, ఎవరి చేత మారిందో రేపటి పరిశోధకుడికి తెలిసే మార్గం లేదు. తెలుగు వికీపీడియాలోని గ్రామాల పేజీలలో మాత్రం ప్రతి మార్పూ తేదీతో, సమయంతో, మార్చినవారి వాడుకరి పేరుతో నమోదై ఉంటుంది. పెనుగంచిప్రోలు ఏ రోజున కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు మారిందో ప్రభుత్వ గెజిట్టులో దొరుకుతుంది. ఆ మార్పును పల్లె పల్లెకూ పేజీలో దిద్దిన జీతం లేని చేతులు ఎవరివో ఆ చరిత్ర పుటల్లో దొరుకుతుంది.